దండెపు తాడు

1900 సెప్టెంబరు 8, శనివారం ఉదయం. అమెరికాలోని టెక్సస్ తీరంలో, మెక్సికో సింధుశాఖలో ఉన్న గాల్వెస్టన్ ద్వీపం. ఊళ్లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి దగ్గర ఒక బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అందులో తిండి సరుకులు. పక్కన సిస్టర్ ఎలిజబెత్ ర్యాన్. ఊరికి పడమరగా అయిదు కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న అనాథాశ్రమం నుంచి ఆమె పొద్దున్నే వచ్చారు.

గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. అలలు మాత్రం దక్షిణం నుంచి, ఆ గాలికి ఎదురొడ్డి మరీ ఒడ్డుకెక్కుతున్నాయి. తీరానికి దగ్గరి వీధుల్లోకి అప్పటికే నీళ్లొచ్చేశాయి. ఆసుపత్రి పెద్దల్లో ఒకరైన మదర్ గేబ్రియల్ సిస్టర్‌ను ఆపారు. తుపాను తగ్గేదాకా ఇక్కడే ఉండమన్నారు. సిస్టర్ ఎలిజబెత్ ఒప్పుకోలేదు. సరుకులన్నీ బండిలోనే ఉన్నాయని, తాను వెళ్లకపోతే పిల్లలకు రాత్రి తినడానికి ఏమీ ఉండదని చెప్పి బయల్దేరారు.

ఆమె సాహసం గురించి ఏమీ అనలేదు. దేవుడి పేరెత్తి పెద్ద మాటలూ చెప్పలేదు. తొంభై ముగ్గురు పిల్లల రాత్రి భోజనం ఆ బండిలో ఉంది. ఆమెకు ఆ లెక్క ఒక్కటే కనిపించింది.

ఆ రాత్రికి ఆ ఆశ్రమం లేదు. పిల్లల్లో తొంభై మంది లేరు. పదిమంది సిస్టర్లలో ఒక్కరూ మిగల్లేదు.

* * *

ఆ భవనం సముద్రానికి అంత దగ్గర ఎందుకు కట్టారని ఎవరికైనా అనిపిస్తుంది. జవాబు కోసం మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

1866లో గాల్వెస్టన్ బిషప్ క్లోద్ మరీ దుబ్వీ తన స్వదేశం ఫ్రాన్స్‌కు కబురు పెట్టారు. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. టెక్సస్‌లో రోగులను చూసుకునే దిక్కు లేదు, మనుషులను పంపమన్నది ఆ కబురు. లియోన్ నగరం నుంచి ముగ్గురు యువతులు ఓడెక్కి వచ్చారు. 'సిస్టర్స్ ఆఫ్ చారిటీ ఆఫ్ ది ఇన్‌కార్నేట్ వర్డ్' అనే సభ అలా మొదలైంది. 1867 ఏప్రిల్ 1న వాళ్లు తెరిచిన ఆసుపత్రి టెక్సస్‌లోనే తొలి కేథలిక్ ఆసుపత్రి.

నాలుగు నెలలైనా తిరక్కుండానే పచ్చజ్వరం విరుచుకుపడింది. ఆ ఏడు గాల్వెస్టన్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ మదర్ బ్లాందీన్ కూడా రోగులకు సేవ చేస్తూనే ఆ జ్వరంతో కన్నుమూశారు. తల్లిదండ్రులు పోయిన పిల్లలు ఆసుపత్రి గుమ్మంలో మిగిలిపోయారు. వాళ్లను తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. రోగులకని వచ్చిన సిస్టర్లు పిల్లలకు తల్లులయ్యారు.

రోగుల మధ్య పిల్లలను పెంచడం ప్రమాదమని వాళ్లకు తెలుసు. జ్వరం ఎలా అంటుతుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. ఇరుకు వీధుల చెడుగాలే కారణమని చాలామంది నమ్మేవాళ్లు. అందుకే 1874లో ఊరికి దూరంగా, సముద్రపు గాలి తగిలే చోట, ఒకప్పటి కెప్టెన్ గ్రీన్ ఎస్టేటుకు పిల్లలను తరలించారు. పచ్చజ్వరాన్ని దోమ మోసుకొస్తుందని నిరూపించే ప్రయోగాలు క్యూబాలో సరిగ్గా 1900లోనే జరుగుతున్నాయి. ఆ బృందంలోని డాక్టర్ జెస్సీ లాజియర్ అదే సెప్టెంబరు 25న పచ్చజ్వరంతోనే ప్రాణం వదిలాడు. ఆ సంగతి పాతికేళ్లు ముందే తెలిసి ఉంటే, సెయింట్ మేరీస్ అనాథాశ్రమం బహుశా అంత దూరం, అలల అంచు దాకా వెళ్లేదే కాదు. రోగం నుంచి పిల్లలను కాపాడుకోవాలని వెతుక్కున్న చోటు అది.

రెండు పెద్ద భవనాలు. ఒక్కోటి రెండంతస్తులు. ఒకటి మగపిల్లలకు, ఒకటి ఆడపిల్లలకు. సముద్రం వైపు వరండాలు. భవనాలకూ నీళ్లకూ మధ్య ఎత్తయిన ఇసుక దిబ్బల వరస. ఉప్పు నేలలో పెరిగే చెట్లు వేళ్లతో ఆ ఇసుకను పట్టి ఉంచేవి. సిస్టర్లకూ పిల్లలకూ ప్రహరీ ఏదైనా ఉందంటే ఆ దిబ్బలే.

* * *

గాల్వెస్టన్ అప్పట్లో చిన్న ఊరేమీ కాదు. పత్తి ఎగుమతితో డబ్బు పొంగిపొర్లుతున్న రేవు. 1900 జనాభా లెక్కల ప్రకారం 37,789 మంది. అయితే ఊరంతటిలోనూ అత్యంత ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 8.7 అడుగులు మాత్రమే.

ప్రమాదం ముందు తెలియనిదీ కాదు. అదే తీరంలో ఇండియనోలా అనే రేవు పట్టణం ఉండేది. 1875లో ఒక తుపాను దాన్ని చావుదెబ్బ కొట్టింది. 1886లో ఇంకొకటి వచ్చి మిగిలింది తుడిచేసింది. జనం ఊరినే వదిలేశారు. అది చూసి గాల్వెస్టన్ పెద్దలు సముద్రానికి అడ్డుగోడ కట్టాలని మాట్లాడుకున్నారు, అనుమతులదాకా వెళ్లారు, ఆగిపోయారు. ఊళ్లోని పల్లపు చోట్లు పూడ్చడానికి తీరం వెంబడి ఇసుక దిబ్బలను తవ్వి తెచ్చుకున్నారు కూడా. ఉన్న రక్షణను చేజేతులా తీసేసుకున్నారు.

1891లో స్థానిక వాతావరణ కార్యాలయం అధికారి ఐజక్ క్లైన్ గాల్వెస్టన్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఈ ఊరిని తుపాను ధ్వంసం చేస్తుందని భయపడటం ఒట్టి భ్రమ అన్నాడు. ఇక్కడ సముద్రం లోతు తక్కువ, నేల మెల్లమెల్లగా వాలుతుంది కనుక పెద్ద అలలు దూరంలోనే విరిగిపోతాయన్నది అతని వాదం. నిజం అందుకు పూర్తిగా విరుద్ధం. లోతులేని తీరంలోనే తుపాను గాలి తోసుకొచ్చే నీటికి కిందికి పోయే దారి ఉండదు. అది పైకి లేచి నేల మీదికి వస్తుంది. ఉప్పెన అంటే అదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ ఈ లక్షణమే. కృష్ణా జిల్లా పల్లెల్లో దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో పాపం వాషింగ్టన్‌లో జరిగింది. క్యూబాలోని హవానాలో బెలెన్ వాతావరణ పరిశీలనా కేంద్రం ఉండేది. జెస్యూట్ ఫాదర్లు నడిపేవాళ్లు. తుపాన్ల నడకను చదవడంలో ఆ రోజుల్లో వాళ్లకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. ఆ తుపాను క్యూబా దాటాక సింధుశాఖలోకి వెళ్తుందని అక్కడివాళ్లు గ్రహించారు. అమెరికా వాతావరణ శాఖ మాత్రం అది ఫ్లోరిడా వైపు తిరిగి అట్లాంటిక్ తీరం వెంబడి పోతుందనుకుంది. ఆగస్టు చివరలో, తుపాను రుతువు మధ్యలో, క్యూబా వాళ్ల వాతావరణ సమాచారం తంతి మీద రాకుండా ఆ శాఖ పెద్దలు నిషేధం పెట్టించారు. పరాయివాళ్ల మాట వినకూడదన్న అహంకారం అది. దీనికి ఇంతకన్నా మెత్తని పేరు పెట్టడం నాకు చేతకాదు.

* * *

మళ్లీ ఆ శనివారానికి వద్దాం.

సెప్టెంబరు 8 మరియమాత పుట్టిన పండుగ. మన వైపు నుంచి వేళాంకణికి వెళ్లే భక్తులకు ఆ తేదీ బాగా తెలుసు. మరియమాత పేరు పెట్టుకున్న ఆ ఆశ్రమానికి అది సొంత పండుగ రోజు.

సిస్టర్ ఎలిజబెత్ బండి ఆశ్రమం చేరింది. మధ్యాహ్నానికి సముద్రం దిబ్బల మొదళ్లు కోయడం మొదలుపెట్టింది. అవి పిండితో చేసినవా అన్నట్టు కరిగిపోయాయని ఆ పిల్లల్లో ఒకడు తర్వాత గుర్తు చేసుకున్నాడు. దిబ్బలు పోయాక అలలు తిన్నగా భవనాలకు తగిలాయి.

అప్పటికి ఊళ్లోకి పోవడానికి దారి లేదు. పోయినా చేసేదేముంది? ఊళ్లోనూ నీళ్లే. అటు సింధుశాఖ, ఇటు ద్వీపం వెనకనున్న అఖాతం, రెండూ ద్వీపం మధ్యలో కలుసుకున్నాయి. ఆ రోజు గాల్వెస్టన్‌లో 3,600కు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి.

సిస్టర్లు పిల్లలందరినీ ఆడపిల్లల భవనంలోకి చేర్చారు. రెంటిలో అదే కొత్తది, గట్టిది. కింది అంతస్తులోని ప్రార్థన గదిలో అందరినీ కూర్చోబెట్టారు. పిల్లలు భయపడకుండా పాట పాడించారు. 'క్వీన్ ఆఫ్ ది వేవ్స్' అనే మరియమాత కీర్తన అది. తుపానుల్లో ఫ్రాన్స్ జాలరులు పాడుకునేదట. మన జాలరిపేటల్లో గంగమ్మకు మొక్కినట్టే, సముద్రం మీద బతికేవాళ్లు సముద్రానికి భయపడి కట్టుకున్న పాట. లియోన్ నుంచి వచ్చిన తొలి సిస్టర్లు నాటిన సభలో ఆ పాట ముప్ఫై ఏళ్లుగా బతికే ఉంది. దానికి నిజంగా పనిపడింది ఆ సాయంత్రమే.

నీళ్లు ప్రార్థన గదిలోకి వచ్చాయి. అందరూ పై అంతస్తుకు ఎక్కారు. అక్కడ మళ్లీ అదే పాట.

ఆశ్రమంలో పనిచేసే హెన్రీ ఎస్క్వియోర్‌ను సిస్టర్లు తాడు తెమ్మన్నారు. అతను బట్టలు ఆరేసే దండెపు తాడు తెచ్చాడు. నిన్నటిదాకా తొంభై మందికి పైగా పిల్లల లాగులూ గౌన్లూ దుప్పట్లూ ఆరిన తాడు. సిస్టర్లు దాన్ని ముక్కలు కోశారు. ఒక్కో సిస్టర్ ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లల నడుముకు తాడు చుట్టి, ఆ కొసను తన నడికట్టుకు ముడివేసుకున్నారు. సన్యాసినిగా ప్రమాణం చేసిన రోజు నుంచి కట్టుకున్న నడికట్టు అది. పెద్ద పిల్లలు కొందరు పైకప్పు మీదికెక్కారు.

ఈ ఘట్టం దగ్గర ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. పదిమంది స్త్రీలు. వాళ్ల పెద్ద సిస్టర్ కమిల్లస్ ట్రేసీ ముప్ఫైల్లోనే ఉన్నారు. పిల్లలందరినీ చీకట్లో పట్టుకోవడానికి తమ చేతులు చాలవని వాళ్లకు అర్థమైంది. చేతుల్లో పట్టని పిల్లలను నడుముకు కట్టుకున్నారు. తాడు విప్పుకుంటే తామైనా ఈదవచ్చన్న ఆలోచన ఒక్కరికి వచ్చినా తప్పు పట్టగలమా? దొరికిన మృతదేహాలను బట్టి చూస్తే వాళ్లు విప్పుకోలేదు.

మగపిల్లల భవనం ముందు కూలింది. కిటికీల్లోంచి పిల్లలు చూస్తుండగానే వరద దాన్ని తీసుకుపోయింది. ఊళ్లో వాతావరణ కార్యాలయం గాలి వేగాన్ని గంటకు వంద మైళ్లుగా నమోదు చేసింది. అంతలో ఆ కొలిచే పరికరమే ఎగిరిపోయింది. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో నీళ్లు నాలుగు సెకన్లలో నాలుగడుగులు లేచాయని క్లైన్ తన నివేదికలో రాశాడు. ద్వీపం మీద నీటిమట్టం పదిహేను అడుగులు దాటింది. ఊళ్లో అందరికన్నా ఎత్తయిన నేల మీద నిలబడ్డవాడికి కూడా తల మునిగేంత నీరు.

క్లైన్ ఇల్లు గట్టిదని నమ్మి ఇరుగుపొరుగు వచ్చి చేరారు. లోపల సుమారు యాభై మంది. ట్రాము పట్టాల వంతెన శకలం ఒకటి అలల మీద తేలి వచ్చి గుద్దుకుంటే ఇల్లు కూలిపోయింది. పద్దెనిమిది మంది బతికారు. గర్భవతిగా ఉన్న క్లైన్ భార్య కోరా బతకలేదు. తొమ్మిదేళ్ల కింద తాను రాసిన మాటకు ఆయన చెల్లించిన ధర చూస్తే కోపం రాదు, కడుపు తరుక్కుపోతుంది.

ఆశ్రమంలో మిగిలిన భవనాన్ని వరద పునాది నుంచి ఎత్తేసింది. అడుగు ఊడిపోయింది. పైకప్పు లోపలున్నవాళ్ల మీద పడింది.

* * *

ముగ్గురు బతికారు. విలియం ముర్నీ, ఫ్రాంక్ మదేరా, ఆల్బర్ట్ క్యాంప్‌బెల్. ముగ్గురూ మగపిల్లలే, కాస్త పెద్దవాళ్లు. భవనం విరిగినప్పుడు నీళ్లలో పడ్డారు. ఎలాగో ముగ్గురూ ఒకే చెట్టుకు చిక్కుకున్నారు. ఒక రోజుకు పైగా నీటి మీదే ఉండి, చివరికి ఊరు చేరారు. ఆశ్రమంలో ఏం జరిగిందో లోకానికి తెలిసిందంటే వీళ్ల నోటి నుంచే. పాట సంగతీ, దండెపు తాడు సంగతీ వీళ్లు చెప్పినవే.

వాళ్ల మాటకు సాక్ష్యం తర్వాతి రోజుల్లో ఇసుకలో బయటపడింది. తీరం వెంబడి సిస్టర్ల మృతదేహాలు దొరికాయి. వాళ్ల నడుములకు పిల్లలు ఇంకా కట్టి ఉన్నారు. ఇద్దరు సిస్టర్లు అఖాతం దాటి ఆవలి గట్టున, ప్రధాన భూభాగంలో కలిసి కనిపించారు. అందులో ఒకరి చేతుల్లో ఇద్దరు పసివాళ్లు. గట్టిగా పట్టుకునే ఉన్నారు. చాలామందిని దొరికినచోటే, పిల్లలను విడదీయకుండానే పూడ్చిపెట్టారు.

ఊరికి అంతకన్నా ఏమీ చేసే శక్తి లేదు. గాల్వెస్టన్‌లో చనిపోయినవాళ్లు కనీసం ఆరు వేల మంది, ఎనిమిది వేలనీ ఒక లెక్క. వందలాది శవాలను పడవల్లో సముద్రంలోకి తీసుకెళ్లి బరువులు కట్టి వదిలితే, అలలు వాటిని మళ్లీ ఒడ్డుకు తెచ్చాయి. అప్పుడిక ఎక్కడికక్కడ చితులు పేర్చి వారాల తరబడి తగలబెట్టారు. అమెరికా చరిత్రలో ప్రకృతి విపత్తుల్లో ఇన్ని ప్రాణాలు తీసింది మరొకటి ఇప్పటికీ లేదు.

ఈ కథ విన్నవాళ్లు కొందరు ఒక ప్రశ్న అడుగుతారు. తాడు కట్టకపోతే ఇంకొందరు పిల్లలు బతికేవాళ్లేమో కదా? బతికిన ముగ్గురూ ఆ ముడుల్లో లేనివాళ్లే కదా?

ఈ ప్రశ్నను దాటేయకూడదు. తాడు బరువైంది, నిజమే. ఒకరు మునిగితే ఏడుగురిని లాగింది, అదీ కావచ్చు. కానీ మూడు నాలుగేళ్ల పిల్లను ఆ నీళ్లలో ఒంటరిగా వదిలితే ఎన్ని నిమిషాలు ఉంటుంది? ఊళ్లో తాళ్లు లేకుండానే వేలమంది పోయారు, ఈతగాళ్లతో సహా. పైకప్పే మీద పడ్డ చోట తాడున్నా లేకున్నా ఒకటే. పెద్ద పిల్లలు బతికింది కండబలం వల్ల, అంతకన్నా ఎక్కువగా ఒక చెట్టు అడ్డురావడం వల్ల. సిస్టర్లకు ఆ సాయంత్రం మిగిలిన ఉపాయం ఒక్కటే. దాన్ని వాళ్లు చేశారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత పొడి నేల మీద కూర్చుని ఆ పదిమందిని నిలదీయడం అన్యాయమని నా అభిప్రాయం. నిలదీయాల్సింది ఇండియనోలా మునగడం కళ్లారా చూసి కూడా పద్నాలుగేళ్లపాటు గోడ కట్టని నగరాన్ని. తంతి వార్తను ఆపిన కార్యాలయాన్ని.

* * *

గోడ తర్వాత వచ్చింది. హెన్రీ రాబర్ట్, ఆల్ఫ్రెడ్ నోబుల్, రిప్లీ అనే ముగ్గురు ఇంజనీర్ల పథకం ప్రకారం 1902లో పని మొదలై, 1904 జూలైకి మొదటి భాగం పూర్తయింది. పదిహేడు అడుగుల ఎత్తు, మూడు మైళ్లకు పైగా పొడవు. అలను తిరిగి పైకి విసిరేలా ముఖం లోపలికి వంపు తిరిగిన కాంక్రీటు కట్ట. అంతటితో ఊరుకోలేదు. రెండు వేలకు పైగా భవనాలను జాకీలతో పైకెత్తి, కింద సముద్రపు ఇసుకను నీటితో కలిపి పంపులతో నింపి, ఊరినే ఎత్తు చేశారు. సెయింట్ ప్యాట్రిక్ చర్చి అంతటి బరువైన కట్టడాన్ని ఏడు వందల జాకీలతో అయిదడుగులు లేపారు. 1915 ఆగస్టులో దాదాపు అంతే బలమైన తుపాను వచ్చింది. గోడ వెనక ఊరు నిలబడింది. ప్రాణనష్టం పాత లెక్కతో పోలిస్తే బహు స్వల్పం. అంటే ఈ పని ఊరికి ముందు కూడా సాధ్యమే.

ఒక్క సంగతి నన్ను బాధిస్తుంది. ఆ తొలి గోడ 39వ వీధి దగ్గర ఆగిపోయింది. అనాథాశ్రమం ఉన్న చోటు దానికి చాలా పడమర, ఇప్పటి 69వ వీధి దగ్గర. గోడను విడతలు విడతలుగా పొడిగించుకుంటూ పోయి పది మైళ్లకు చేర్చేసరికి 1963 వచ్చింది. పిల్లలు మునిగిన ఆ చోటుకు రక్షణ వచ్చేసరికి దశాబ్దాలు పట్టింది.

సిస్టర్లు మాత్రం అంత కాలం ఆగలేదు. పదిమందిని పోగొట్టుకున్న ఆ సభ ఏడాది తిరిగేసరికి, 1901లో, ఊరి లోపల కొత్త అనాథాశ్రమం తెరిచింది. తుపాను అనాథలను చేసిన పిల్లలు ఎందరో ఉన్నారు, తలుపు తెరవక తప్పదు. ఆ రెండో ఆశ్రమం 1960ల దాకా నడిచింది. లియోన్ నుంచి వచ్చిన ముగ్గురితో మొదలైన సేవ నేడు క్రిస్టస్ హెల్త్ అనే పెద్ద ఆసుపత్రుల వ్యవస్థలో భాగం. ఆ సభలోని సిస్టర్లు ఎక్కడున్నా ఏటా సెప్టెంబరు 8న 'క్వీన్ ఆఫ్ ది వేవ్స్' పాడుకుంటారు.

పాత భవనం కర్ర ముక్క కూడా ఆ చోట లేదు. 1994 సెప్టెంబరు 8న సీవాల్ బులెవార్డ్, 69వ వీధి కలిసే చోట టెక్సస్ ప్రభుత్వ చారిత్రక ఫలకం ఒకటి పెట్టారు.

హూస్టన్‌లోనూ చుట్టుపక్కలా వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి. సెలవు దొరికితే పిల్లలతో గంట ప్రయాణం చేసి గాల్వెస్టన్ బీచ్‌కే వెళ్తారు. ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నలను తీసుకెళ్లేదీ అక్కడికే. ఈసారి వెళ్లినప్పుడు 69వ వీధి దగ్గర అయిదు నిమిషాలు బండి ఆపండి. ఆ ఫలకం పిల్లలకు చదివి వినిపించండి. సిస్టర్ ఎలిజబెత్ బండి గురించీ, దండెపు తాడు గురించీ చెప్పండి. ఆ గోడ ఎప్పుడు కట్టారో, ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్పండి.